నాలుగువందల పన్నెండు

గడచిన చలికాలమున ఒకనాటి ప్రాతఃకాలమందు, ఇచ్చోడ బస్టాండు ఎదుటనున్న చాయ్ హోటలులో, ముప్పదియేండ్లు తెలుగు పండితుడుగా పనిచేసి విశ్రాంతి తీసికొనుచున్న నేను, చేతిలోని ఫోనును చూచి దీర్ఘముగా నిట్టూర్చి, "నాలుగువందల పన్నెండుకు పడిపోయింది" అని పైకి అనుకొంటిని. ప్రక్కబల్లపై కూర్చున్న పత్తిరైతు ఒకడు, నాకు తెలిసినవాడే, చాయ్ గ్లాసు క్రింద పెట్టి నా మొగమువైపు జాలిగా చూచెను.

"పడిపోతె నాలుగొందల పన్నెండా సారూ? గంతకుముందు ఎంతుండె?"

"రాత్రి ఆట మొదలుపెట్టినప్పుడు ఐదువందల ముప్పై" అంటిని. ఆట యన్నమాట అతని చెవికి చేరలేదు. అతడు హోటలువానివైపు తిరిగి, "ఇగో, సారు చాయ్‌ల చక్కెర ఎయ్యకు!" అని బస్టాండంతయు వినునట్లు కేక వేసెను.

ఆనాటినుండి ఇచ్చోడలో నాకు తీపి చాయ్ దొరకుట మానినది. కాకరకాయ రసము త్రాగుమని ఒకరు, మెంతులు నానబెట్టుకొనుమని ఒకరు, అడవిలో ఏదో వేరున్నదని మరియొకరు నాకు దారిలో ఎదురుపడి చెప్పుచున్నారు. అది రక్తములోని చక్కెర లెక్క కాదు, చదరంగమున నా రేటింగు అని నిజము చెప్పవచ్చును. చెప్పినచో రోగికి దక్కు గౌరవముకూడ దక్కదని ఊరకున్నాను.

నిజమునకు చదరంగము నాకు క్రొత్త యనిన నమ్మువారు తక్కువ. ఎత్తుకు పైయెత్తు వేయుట, ఎదుటివాని ఆట కట్టించుట మొదలైన పలుకుబళ్లను ముప్పదియేండ్లు పిల్లలచేత సొంతవాక్యములలో ప్రయోగింపజేసిన వానికి ఆటయు వచ్చునని లోకము తలచుటలో తప్పులేదు. నేను తలచుటలోనే కొంత తప్పున్నది. నాకు వచ్చినదెల్ల బాల్యమున మా మేనమామ, పాతపంచెపై బొగ్గుతో గళ్లు గీచి నేర్పిన దేశవాళీ ఆట. అందు బంటు మొదటి ఎత్తుననైనను రెండు గడులు దూకదు. రాజునకు కోట కట్టుకొను సదుపాయము లేదు గాని, అంతవరకు షా, అనగా రాజుపై దాడి, పడనిచో ఒక్కసారి గుర్రమువలె ఎగిరి పారిపోవు స్వాతంత్ర్యము కలదు. ఆ ఆటకు మా ఊరిలో పేరైనను ఒకటి కాదు: తెలుగువారికి చదరంగము, ఉర్దూవారికి షత్రంజ్, మరాఠీవారికి బుద్ధిబళ్. మూలగా నడచు కాయను పుస్తకములు శకటమనగా మా మేనమామ ఒంటె యనెను. ఇంగ్లీషువారు దానికి మతగురువు వేషము వేసిరి. ఇక మంత్రి సంగతి చెప్పనక్కరలేదు. పూర్వము మూలగా ఒక్క గడి మాత్రము జరుగు వృద్ధామాత్యుడు, పదునైదవ శతాబ్ది చివర యూరపులో రాణియై, బల్లయంతయు ఏకచ్ఛత్రముగా ఏలుచున్నాడు. ఇంతటి మహాశక్తిని నేను ఆటకొకమారు, అడుగనివానికి సైతము, దానము చేయుచుంటిని.

ఫోనులో ఆడ మొదలుపెట్టిన మొదటివారముననే ఒక ఘోరము జరిగెను. నా బంటు ఒక్క ఉరుకున రెండు గడులు దాటి శత్రుబంటు ప్రక్కన క్షేమముగా నిలిచినది. ఆ శత్రుబంటు నా బంటు ఉన్న గడివైపు చూడనైన చూడక, అది దాటివచ్చిన ఖాళీగడిలో అడుగు పెట్టెను. పెట్టినంతనే నా బంటు మాయమయ్యెను. నిర్మలులో బస్సెక్కి ఆదిలాబాదులో దిగిన మనిషిని నడుమ ఇచ్చోడ బస్టాండులో పట్టుకొంటిమని కేసు వ్రాసినట్లున్నది! ఫోను చెడిపోయినదని నిశ్చయించి, ప్రక్కయింటి ఏడవ తరగతి పిల్లవానిని పిలిచి చూపితిని. వాడు నవ్వును పెదవులనడుమ బిగబట్టి, "అది రూలే తాతా. ఆన్ పాసాన్ అంటరు. రెండు గడులు దునికిన బంటును గట్ల పట్టుకోవచ్చు, కని ఎంటనే పట్టుకోవాలె, మల్ల మూవ్‌కు కుదరది" అని చెప్పెను. వాడే నాటినుండి నాకు గురువు. గురుదక్షిణ దినమునకొక పల్లీపట్టీ.

నా అవమానమునకు మరియొక కారణము కలదు. చిత్రకవిత్వము పాఠము చెప్పునప్పుడు తురగబంధమును నేను చెప్పినట్లు ఈ జిల్లాలో మరియొకడు చెప్పలేడని నాకు పేరుండెను. తొమ్మిదవ శతాబ్దిలో రుద్రటుడు కావ్యాలంకారమున ఈ బంధమును చూపెను. వేదాంతదేశికులు పాదుకాసహస్రమున ఒక శ్లోకముయొక్క ముప్పదిరెండు అక్షరములను గుర్రపు నడకలో చదివినచో మరియొక శ్లోకమగునట్లు కూర్చిరి. ఒక్క గడినైనను రెండుమారులు త్రొక్కక గుర్రము గళ్లన్నియు తిరిగివచ్చుటను నల్లబల్లపై కన్నులు మూసికొని గీచినవాడను. అట్టి నా గుర్రము, ఫోనులో నాలుగవ ఎత్తునకే బల్ల అంచునకు పోయి, మేత లేని బీటిలో నిలిచిన పశువువలె అక్కడనే ప్రాణము విడుచుచుండెను.

ఇక ఆ రేటింగు అంకెను గురించి. దీనిని కనిపెట్టిన పుణ్యాత్ముడు అర్పాద్ ఎలో యనువాడు. 1903లో హంగేరీలో పుట్టి అమెరికాలో భౌతికశాస్త్రము బోధించినవాడు. నక్షత్రములనో పరమాణువులనో కొలుచుకొనక, మనుష్యుడు మనుష్యునిచేత ఎంతవరకు ఓడిపోవునో కొలుచుటకు పూనుకొనెను. అంతర్జాతీయ చదరంగ సమాఖ్య 1970లో ఆయన లెక్కను స్వీకరించినది. ఇద్దరి అంకెలకు నడుమ 400 తేడా యున్నచో, పెద్దవాడు పదకొండు ఆటలలో సుమారు పది గెలువవలెను. సమాఖ్యవారి పోటీలలో క్రొత్తవాడు తనతో సమానుని గెలిచిన 20 వచ్చును, ఓడిన 20 పోవును. తనకన్న 200 తక్కువవాని చేతిలో ఓడినచో 30 పోవును. అనగా చిన్నవాని చేతి దెబ్బకు నొప్పి అధికమని గణితముకూడ ఒప్పుకొన్నది. 2024 మార్చినుండి 1400కు తక్కువవారిని సమాఖ్య తన పట్టికలో చేర్చుటయే లేదు. కావున నావంటివాడు ఫోనులోనే తల దాచుకొనవలెను.

మన వరంగల్లు బిడ్డ అర్జున్ ఎరిగైసి 2024 డిసెంబరు పట్టికలో 2801కి చేరెను. విశ్వనాథన్ ఆనంద్ తరువాత 2800 దాటిన భారతీయుడు అతడొక్కడే. ఒకనాటి రాత్రి నిద్ర పట్టక, ఎలోగారి సూత్రముతో అతనిని నేను గెలుచు అవకాశమును గుణించితిని. ఫోను అంకెయు సమాఖ్య అంకెయు ఒకే తక్కెడలో తూగవని ఎరుగుదును. అయినను ఆశకు తక్కెడ యేల? సుమారు 9,38,000 ఆటలకొకటి యని తేలెను. దినమునకు పది ఆటల చొప్పున 257 సంవత్సరములు. ఆ ఒక్క ఆటనాడు అతనికి జలుబు చేసియుండుననుటలో నాకు సందేహము లేదు.

ఈ సందర్భమున మా ఊరి భౌగోళికస్థితిని చెప్పక తప్పదు. హైదరాబాదునుండి నాగపురమునకు పోవు 44వ జాతీయ రహదారిపై మేము ఉన్నాము. 2025 జూలైలో జార్జియా దేశపు బటూమీలో మహిళల ప్రపంచకప్పు చివరిపోరు జరుగగా, అందు ఒకరు 2002లోనే, పదునైదేండ్ల ప్రాయమున, గ్రాండ్‌మాస్టరైన మన గుడివాడ కోనేరు హంపి. రెండవవారు నాగపురమునకు చెందిన పందొమ్మిదేండ్ల దివ్యా దేశ్‌ముఖ్. దివ్య గెలిచినది. ఈ దారికి ఆ కొనను ఒక విజేత, ఈ కొనకు ఆవల ఒక గ్రాండ్‌మాస్టరు. నడుమ ఇచ్చోడలో, మక్కకంకులు కాల్చు బండి ప్రక్కన, ఫోను పట్టుకొని నేను.

రేటింగు పెంచుకొనుటకు నేను చేసిన మొదటి ప్రయత్నము, పండితుడను గనుక, పాండిత్యమే. సిసిలియన్ రక్షణ, కారో-కాన్, 1561లో గ్రంథము వ్రాసిన స్పెయిను మతగురువు పేరిట వెలసిన రుయ్ లోపెజ్, వీని ఎత్తులను నోటుపుస్తకమున వ్రాసి కంఠస్థము చేసితిని. కాని నాలుగువందల అంకెవాడు గ్రంథమును చదివినవాడు కాడు. నేను రుయ్ లోపెజ్‌నకు సిద్ధపడి కూర్చుండగా వాడు రెండవ ఎత్తుననే రాణిని బయటికి తెచ్చి, రాజు ప్రక్క ఒంటెకు ముందున్న బంటు, రాజు తప్ప కాచు దిక్కులేని ఆ అనాథబంటు, దానిపై పడి నాలుగవ ఎత్తున ఆట కట్టించెను. పెండ్లిచూపులకని మరాఠీలో ప్రసంగము వల్లించి పోయినవానికి, ఆడపిల్లవారు గోండీలో పలుకరించినట్లాయెను.

రెండవ ప్రయత్నము పౌరుషము. ఓడినచో రేటింగులో పోయిన ఆ ఎనిమిదిని వెంటనే మరల ఆడి రాబట్టుకొనవలెను. అదియు పోయిన, పదునారును రాబట్టుకొనవలెను. పేకాటలో పొలములు పోగొట్టుకొన్నవారి కథలను పిల్లలకు నీతిగా చెప్పిన నేను, ఇంటిల్లిపాది నిద్రపోయిన పిమ్మట రగ్గు కప్పుకొని పదునైదు ఆటలు వరుసగా ఓడితిని. నేరడిగొండ దాపున కడెం వాగు కుంతలవద్ద దూకినట్లు, 530నుండి 412నకు దూకినది ఆ రాత్రియే.

మరునాటి సాయంకాలము గురువుగారు పల్లీపట్టీ నములుచు ఆ పదునైదు ఆటలను వెనుకకు ముందుకు జరిపి చూచెను. చూచి, నన్ను కాక గోడను చూచుచు, "తాతా, నువ్వు నీ మూవే సూస్కుంటవ్. ఎదుటోడు గది ఎందుకు జరిపిండో సూడనే సూడవ్" అనెను.

ముప్పదియేండ్లు నేను మాటలాడుచుండగా ఎదుట నలుబదిమంది వినుచుండిరి. వారు ఏమి చేయుచున్నారో ఏల చేయుచున్నారో విచారింపవలసిన అవసరము నాకు కలుగలేదు. ఇప్పుడు ప్రతి ఎత్తునకు ముందు, "వీడు దీనిని ఎందుకు జరిపెను? నాది ఏది ఊరకనే పోవుచున్నది?" అని రెండు ప్రశ్నలు వేసికొనవలసివచ్చెను. రెండు ఆటలు ఓడిన ఫోను మూయవలెనని మూడవ నియమము. అది మా ఇంటావిడ పెట్టినది. గ్రంథములు అటక ఎక్కినవి. రాణిని దానమిచ్చుట వారమునకొకటికి తగ్గినది. గుర్రము అప్పుడప్పుడు రాజునకు షా చెప్పుచునే ఏనుగును పట్టుకొనుచున్నది. మొదటిసారి అట్లు జరిగిననాడు నేను లేచి నిలుచుంటిని. ఉగాదినాటికి నా అంకె 703. ఈమారు దానిని బహిరంగప్రదేశమున పైకి అనలేదు.

ఆ గర్వముతో ఒకనాటి మధ్యాహ్నము, బస్సులు లేని వేళ, చాయ్ హోటలు యజమానితో ఆటకు కూర్చుంటిని. అతని బల్ల పాతది. ఒక ఏనుగు పోయి దాని స్థానమున సోడామూత కొలువుదీరి యున్నది. నేను కోట కట్టగానే అతడు నా చేయి పట్టుకొని, "రాజు ఏనుగెనుకకు పోయి దాసుకుంటడా సారూ? గది మీ ఫోన్ల రూలు. ఈడ నడ్వది" అని రాజును యథాస్థానమునకు తెచ్చి పెట్టెను. సరే యంటిని. ఆట నడుమ అతడు ఒంటెను తటాలున ఒక మూలకు జరిపి పొయ్యివద్దకు పోయెను. ఎందుకు జరిపెను? నేను గురువాక్యమును స్మరించి, పావుగంటసేపు కణతలు నొక్కుకొని, ఆ ఒంటె చూపు పోవు దారిలో మూడు భయంకరమైన కుట్రలను కనిపెట్టి, మూడింటికిని విరుగుడుగా నా సైన్యమునంతయు ఎడమవైపునకు తరలించితిని. కుడివైపున సోడామూత నెమ్మదిగా నడచివచ్చి నా ఆట కట్టించినది.

లేచునప్పుడు, పండితుడు పండితుని అడిగినట్లు వినయముగా, ఆ ఒంటె ఎత్తులోని అంతరార్థమేమని అడిగితిని.

"ఏ ఎత్తు సారూ? గప్పుడా? పాలు పొంగుతుండె. చేతికేది దొరికితె గది జరిపి ఉరికిన" అని అతడు చక్కెర లేని చాయ్ నా ముందర పెట్టెను.