పేర్లు చెప్పేదెవరు?

మా రోజుల్లో మనిషి పోతే ఊరికి తెలిసేది. ఇప్పుడు కరెంటు స్తంభానికి తెలుస్తోంది. తెనాలిలో ఏ సెంటరుకెళ్ళినా ఓ ముసలావిడ ఫ్లెక్సీలో వేలాడుతూ ఉంటుంది. పైన ‘అశ్రునివాళి’, కింద వరసగా కొడుకులు, కోడళ్ళు, మనవలు, వాళ్ళ పక్కన నల్లకళ్ళద్దాలతో ఓ వార్డు నాయకుడు. పోయినావిడ బొమ్మకన్నా ఆయన బొమ్మే పెద్దది. మా అమ్మ పోయినప్పుడు మావాడూ ఫ్లెక్సీ వేయిస్తానన్నాడు. “మీ నాయనమ్మ బతికుండగా ఫోటో అంటేనే మొహం పక్కకు తిప్పుకునేది, పోయాక స్తంభమెక్కిస్తావుట్రా” అని కేకలేశాను. శుభ్రంగా వేయించాడు. నా మాట చెల్లే రోజులు కావివి.

అప్పట్లో దూరపు చుట్టాలకు చావు కబురు కార్డు ముక్క మీద వెళ్ళేది. చదవగానే చింపి అవతల పారేసేవాళ్ళు, అది ఇంట్లో ఉండకూడదని. దగ్గరి ఊళ్ళకైతే మనిషే వెళ్ళేవాడు. అతను గడప తొక్కకుండా వాకిట్లోనే నిలబడిపోతే చాలు, లోపలున్న ఆడవాళ్ళకు సంగతి అర్థమైపోయేది. ఇప్పుడన్నీ గ్రూపులే. అమ్మ పోయిన కబురు పెట్టీ పెట్టగానే ఫోన్లో దణ్ణాల వాన కురిసింది. ఒకాయన ఓం శాంతి అన్నాడు. ఆ కిందే ఇంకొకాయన ఎవరిదో పుట్టినరోజుకు కేకు బొమ్మ పెట్టాడు. చదివామని చెప్పడానికో ఏమో, మరొకాయన బొటనవేలు ఎత్తాడు.

అమెరికాలో ఉన్న మనవరాలు అంతా వీడియోలోనే చూసింది. రాలేకపోయింది పాపం, అక్కడే కూర్చుని ఏడ్చింది. దాన్ననను. కానీ దింపుడు కళ్ళం దగ్గర పాడె దించి, మా తమ్ముడు వంగి అమ్మ చెవిలో ముమ్మారు పిలుస్తుంటే, ఫోను పట్టుకున్న కుర్రాడు “కొంచెం పక్కకు జరగండి బాబాయ్, మొహం పడట్లేదు” అన్నాడు. ఒకవేళ అమ్మ పలికినా ఆ గోలలో వినపడేది కాదు.

చావింట్లో పొయ్యి వెలిగించేవాళ్ళు కాదు మా రోజుల్లో. ఇరుగుపొరుగు, చుట్టాలు గిన్నెల్లో అన్నం తెచ్చి, వద్దంటున్నా పక్కన కూర్చుని నాలుగు ముద్దలు తినిపించి వెళ్ళేవాళ్ళు. ఇప్పుడు కేటరింగు. పెద్దకర్మకు ఏమేం కావాలో టిక్కులు పెట్టమని ఓ కాగితం నా చేతికిచ్చారు. అందులో పనీరు ఉంది. తొంభై దాటి పోయిన మనిషి, జన్మలో పనీరు ముట్టలేదు, ఆవిడ పేరున ఎందుకయ్యా అంటే “వచ్చేవాళ్ళు అడుగుతారండి” అన్నాడు. నిజమే, అడిగారు కూడా. అయిపోయిందని చెబితే చిన్నబుచ్చుకున్నారు.

ఇంతకీ నా గొడవ పనీరుతో కాదు. అమ్మతోబాటు ఏం పోయిందో ఇంట్లో ఒక్కడూ గమనించలేదు, అదీ నా ఏడుపు.

అమ్మ పుట్టిల్లు రేపల్లె అవతల, కృష్ణ ఒడ్డున. మెట్టినిల్లు తెనాలి. కూతుర్నిచ్చింది బాపట్లలో. ఈ మూడూళ్ళ మధ్యే ఆవిడ ప్రపంచమంతా. రేపల్లె ప్యాసింజరెక్కితే పల్లికోన, భట్టిప్రోలు, వేమూరు, జంపని, ఒక్కో స్టేషనుకూ ఒక్కో చుట్టరికం. భట్టిప్రోలులో రెండువేల ఏళ్ళు దాటిన బౌద్ధస్తూపం ఉందని మేం బళ్ళో చదువుకున్నాం. అమ్మకు మాత్రం భట్టిప్రోలు అంటే మేనత్త ఊరు. బాపట్ల వెళ్ళేటప్పుడు నిడుబ్రోలు రాగానే “ఇక్కడే మా పెదనాన్న వియ్యంకుడిది” అని కిటికీలోంచి చూపించేది. ఇప్పటి పిల్లలు కారులో ఏసీ వేసుకుని, అద్దాలు బిగించుకుని, ఫోనులో ఆడపిల్ల గొంతు ఎటు తిరగమంటే అటు తిరుగుతారు. ఆ పిల్లకు దారి తెలుసుగానీ దారిలో మనవాళ్ళెవరున్నారో తెలియదు.

2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలొచ్చాయి. రేపల్లె పోయి బాపట్ల జిల్లాలో పడింది, తెనాలి గుంటూరు జిల్లాలోనే ఉండిపోయింది. పేపరు చదివి వినిపించి “అమ్మా, నీ పుట్టిల్లూ నీ కూతురిల్లూ ఒక జిల్లా అయ్యాయి, మమ్మల్ని వేరు పెట్టారు” అన్నాను. “వాళ్ళు కాగితాల మీద గీసుకుంటే మనకేం నాయనా, రాకపోకలుంటే చాలు” అంది. ఆ రాకపోకలు ఆవిడ చేతిలోనే ఉండేవి. ఎవరి పెళ్ళికి ఎంత చదివించాం, ఎవరింటికి పసుపుకుంకుమలు బాకీ, ఎవరి తద్దినం ఏ తిథి, అన్నీ నోటిలెక్కలే. మా ఫోన్లలో వందల నంబర్లున్నాయి. వాటిలో సగం మంది మాకేమవుతారని ఎవరైనా అడిగితే నీళ్ళు నములుతాం.

సంక్రాంతినాడు ఆ లెక్క మొత్తం బయటికొచ్చేది. పెద్దలకు బట్టలు పెట్టుకునే రోజు. తలంటు పోసుకుని, దేవుడి గూటి ముందు కొత్త పంచెలూ చీరెలూ పీట మీద పెట్టి, కొత్త బియ్యపు అరిసెలూ పులగమూ నైవేద్యం పెట్టేవాళ్ళం. నాన్న సాంబ్రాణి వేసేవాడు, పేర్లు అమ్మ చెప్పేది. మా తాత, ముత్తాత, ఆయన ఇద్దరు భార్యలు, పెళ్ళి కాకుండానే పోయిన మేనత్త, పురిట్లో పోయిన చిన్నమ్మ. ఆ మనుషుల్ని మేం చూసిందే లేదు. అయినా ఏటా ఒకసారి మా ఇంటికొచ్చి బట్టలు పట్టుకెళ్తున్నట్టే ఉండేది.

1977 నవంబరు 19న ఉప్పెన వచ్చింది. దివిసీమ తుడిచిపెట్టుకుపోయింది, కృష్ణకు ఇవతల రేపల్లె, బాపట్ల వైపు తీరగ్రామాలూ దెబ్బతిన్నాయి. సర్కారు లెక్కల్లోనే పోయినవాళ్ళు పదివేల దాకా తేలారు. రైళ్ళు లేవు, తీగలు తెగి ఫోన్లు లేవు. అమ్మకు ఓ పక్క పుట్టిల్లు, ఓ పక్క కూతురు. “మావాళ్ళ సంగతి మీరు చూడండి, పిల్ల దగ్గరికి నేను పోతా” అని నాన్నను రేపల్లె పంపి, తను తమ్ముణ్ణి వెంటబెట్టుకుని, దొరికిన లారీ ఎక్కి, ఆగిన చోట నడిచి బాపట్ల చేరింది. అక్క క్షేమంగానే ఉంది. నాన్న మాత్రం రేపల్లె నుంచి కొన్ని పేర్లు తీసుకొచ్చాడు. దివిసీమకిచ్చిన పిన్ని కూతురు, దాని ఇద్దరు పిల్లలు. ఆ సంక్రాంతికి అమ్మ మా వంశం పేర్లన్నీ చెప్పి, ఒక్క క్షణం ఆగి, గొంతు తగ్గించి ఆ ముగ్గురి పేర్లూ చెప్పింది. ఆపైన ఇంకా తగ్గించి తన తల్లి పేరు, అమ్మమ్మ పేరు. అత్తింటి పీట ముందు పుట్టింటి పేర్లు చెప్పకూడదని మా నాయనమ్మ శాసనం. అమ్మ ఏటా చెబుతూనే ఉందని, పెదాలు కదలడం తప్ప మాకు వినపడేది కాదని అప్పుడు తెలిసింది.

మా రోజులు మా రోజులు అని ఎగురుతాను కదా, ఆ రోజుల్లో ఆవిడకేం దక్కిందని అడిగితే జవాబుండదు. మూడు కాలువలు పారే ఊరని, సరదాల ఊరని తెనాలిని ఆంధ్రా ప్యారిస్ అంటారు. అమ్మకు ఆ కాలువంటే చంకలో బిందె. వేసవిలో కాలువ కట్టేస్తే ఇంకా దూరం మోయడం. అందరూ తిన్నాక తినేది. బాపట్ల నుంచి సాంబ మసూరి వరి 1986లో వచ్చింది. ఊరూరా ఆ బీపీటీ బియ్యమే అయ్యాక “బియ్యం సన్నబడ్డాయి, తినేవాళ్ళు లావెక్కారు” అని నవ్వింది. ఆ సన్నన్నం వేడివేడిగా తన కంచంలో పడింది మాత్రం గ్యాసు పొయ్యి వచ్చి, కోడళ్ళొచ్చి, మేమంతా ఎదిగాకే. మాకు బంగారంలా కనిపించే ఆ కాలం ఆవిడ నడుం మీద నడిచింది. అందుకే నా ఈడు మగాళ్ళు అరుగు మీద కూర్చుని పాతరోజుల్ని పొగుడుతుంటే ఆడవాళ్ళెవరూ వంత పాడరు. లోపలికెళ్ళి టీవీ పెట్టుకుంటారు.

మొన్న సంక్రాంతికి పీట వేశాం. బట్టలకు లోటు లేదు, ఆన్‌లైన్లో ముందే వచ్చాయి. అరిసెలు స్వీటుకొట్టు నుంచి వచ్చాయి. సాంబ్రాణి కడ్డీ వెలిగింది. అందరూ చేతులు కట్టుకుని నిలబడ్డారు. అమ్మ పేరు చెప్పాను, నాన్న పేరు చెప్పాను, తాత పేరు చెప్పాను. ఆపైన నాకూ రాలేదు. మా అబ్బాయి మెల్లగా “ఎక్కడైనా రాసి ఉందా నాన్నా?” అన్నాడు. ఎక్కడ రాస్తుందిరా, మూడో తరగతి చదివిన మనిషి? మీకందరికీ రాయడం వచ్చు, మీరడిగి రాసుకున్నారా?

అప్పుడు మనవడి భార్య ముందుకొచ్చింది. వరంగల్లు పిల్ల, ఉద్యోగం హైదరాబాదులో. వంట రాదని అమ్మే తెగ సణిగేది. “తాతయ్యా, మా అమ్మమ్మ పేరు కూడా చెప్పొచ్చా?” అంది. నేను నోరు తెరిచేలోపే మా ఆవిడ “చెప్పమ్మా, చెప్పు” అంది. ఆ పిల్ల గొంతేమీ తగ్గించలేదు. ఇంటిపేరుతో సహా, వీధిలోకి వినపడేలా చెప్పింది. వెంటనే మా ఆవిడ వాళ్ళమ్మ పేరు చెప్పింది, యాభై ఏళ్ళలో మొదటిసారి. మీ రోజుల్లో నాకు నచ్చింది ఇదొక్కటే, రాసిపెట్టుకోండి.

వచ్చే సంక్రాంతికి బాపట్ల అక్క పిల్లలూ, రేపల్లె మేనమామ మనవలూ అందరూ తెనాలి రావాలి. ఎవరికి గుర్తున్న పేర్లు వాళ్ళు తీసుకురావాలి, ఆడవాళ్ళవి ముందు. రైలు టిక్కెట్లు రెండు నెలల ముందు తెరుస్తారు, తెరిచిన కాసేపటికే అయిపోతాయి, ఏమరక కూర్చోండి. మా రోజుల్లో అయితే... సరేలెండి, మళ్ళీ మొదలెట్టాననుకుంటారు.