గంగవరం స్టెతస్కోపు ఆత్మకథ

శ్వాసమార్గం ముక్కుపుటాల దగ్గర మొదలై గొంతు, స్వరపేటిక, వాయునాళం మీదుగా ఊపిరితిత్తుల చివరనున్న గాలిగదుల దాకా పోతుంది. స్వరపేటికకు పైనున్న భాగం ఎగువ మార్గం, కిందున్నది దిగువ మార్గం. చెవి ఈ దారిలో లేదు గానీ, ముక్కు వెనక నుంచి నడిమి చెవికి పోయే సన్నని గొట్టం రెండింటినీ కలుపుతుంది. జలుబు, గొంతునొప్పి, చెవిపోటు, దగ్గు, నిమ్ము అన్నీ ఈ ఒక్క దారిలోనే పుడతాయి. ఈ దారిని బయట నుంచి వినడానికి వాడే పరికరం స్టెతస్కోపు. ఇది చిత్తూరు జిల్లా గంగవరం మండలంలో, ఓపీ బల్ల దగ్గర పనిచేసిన ఒక స్టెతస్కోపు తన కథ. ‘నేను’ అనడం దానికి అలవాటు లేదు. ఒకరి ఛాతీలోని శబ్దాన్ని మరొకరి చెవికి చేర్చే గొట్టానికి సొంత గొంతు ఉండదు.

దాని వంశం 1816లో పారిస్‌లో, నెకర్ ఆసుపత్రిలో మొదలైంది. గుండెజబ్బుతో వచ్చిన ఒక యువతి ఛాతీకి చెవి ఆనించి వినడానికి రెనె లానెక్ అనే వైద్యుడు మొహమాటపడ్డాడు. కాగితాలు గొట్టంలా చుట్టి ఒక కొస ఆమె ఛాతీకి, ఇంకో కొస తన చెవికి ఆనించుకున్నాడు. శబ్దం మామూలుకంటే స్పష్టంగా వినిపించింది. తర్వాత చెక్కగొట్టం చేసుకుని, మూడేళ్లు రోగుల ఛాతీలు విని, 1819లో పుస్తకం రాశాడు. నేటి డాక్టర్లు ఛాతీ శబ్దాలకు వాడే పేర్లలో చాలా భాగం అందులోవే. 1826లో, నలభై అయిదేళ్ల వయసులో, ఆయన క్షయతో పోయాడు. రెండు చెవులకూ తగిలించుకునే నమూనా 1850లలో వచ్చింది. గంగవరం స్టెతస్కోపు ఆ జాతిదే: ఒకవైపు పలుచని పొర, మరోవైపు చిన్న గంట. పొర ఊపిరి శబ్దాలను బాగా పట్టుకుంటుంది, గంట గుండెలోని మంద్రధ్వనులను పట్టుకుంటుంది.

గంగవరం పలమనేరు పక్కనే, సముద్రమట్టానికి రెండు వేల అడుగులకు పైగా ఉన్న మిట్టప్రాంతం. మార్గశిరం, పుష్యమాసాల్లో తెల్లవారుజామున పాలకేంద్రానికి పోయేవాళ్లు తలకు తువ్వాలు చుట్టుకోక తప్పదు. మంచులో తిరిగితే పడిశం పడుతుందని ఊరంతా అంటుంది. పడిశానికి కారణం మంచు కాదు, వైరస్. అయితే ఊరి మాట పూర్తిగా తప్పూ కాదు. చలికి తలుపులు మూసుకుని అందరూ ఒకేచోట చేరితే వైరస్ ఒకరి నుంచి ఒకరికి సులువుగా పాకుతుంది. జలుబుకు ముఖ్య కారణమైన రైనోవైరస్ ఒంట్లోని వేడికన్నా కాస్త చల్లగా ఉండే ముక్కులోనే బాగా పెరుగుతుంది. ఇందులో నూరుకు పైగా రకాలున్నాయి, అందుకే జలుబుకు టీకా రాలేదు. పెద్దవాళ్లకు ఏడాదికి రెండు మూడు సార్లు, చిన్నపిల్లలకు ఆరు నుంచి ఎనిమిది సార్లు జలుబు రావడం మామూలే. వారం పది రోజుల్లో దానంతటదే పోతుంది. చీమిడి పచ్చగా మారితే బ్యాక్టీరియా చేరిందని, యాంటీబయాటిక్ కావాలని చాలామంది అనుకుంటారు. ఆ రంగు పోరాడుతున్న తెల్లరక్తకణాల నుంచి వచ్చేది మాత్రమే. శొంఠి కాఫీ, మిరియాల కషాయం హాయినిస్తాయి, జబ్బు రోజులను తగ్గించవు. జలుబు సిరప్‌లూ అంతే, పైగా పసిపిల్లలకు ప్రమాదం. క్లోర్‌ఫెనిరమైన్, ఫినైల్‌ఎఫ్రిన్ కలిపిన మందును నాలుగేళ్లలోపు పిల్లలకు ఇవ్వకూడదని సీసాల మీద ముద్రించాలని కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ 2023 డిసెంబరులో ఆదేశించింది.

జలుబు దగ్గర స్టెతస్కోపుకు పని లేదు. అయినా దాన్ని ఛాతీకి ఆనించకుండా పంపితే ‘డాక్టరు చూడనేలేదు’ అంటారు. ఆనించాక ‘సూది వెయ్యలేదే’ అంటారు. ఓపీలో సగం పొద్దు ఈ రెండు మాటల మధ్యనే గడిచిపోతుంది.

గొంతునొప్పుల్లోనూ ఎక్కువ భాగం వైరస్‌వే. వాటి మధ్య ఒకటి మాత్రం దాక్కుని వస్తుంది: గ్రూప్ ఏ స్ట్రెప్టోకాకస్ అనే బ్యాక్టీరియా. బడి ఈడు పిల్లల్లో దగ్గు, జలుబు లేకుండా జ్వరం, మింగలేని నొప్పి, టాన్సిల్స్ మీద తెల్లని చీముమచ్చలు, దవడ కింద నొప్పిపెట్టే బిళ్లలు కనిపిస్తే దాన్ని అనుమానించాలి. దీనికి పెన్సిలిన్ జాతి మందు పది రోజులు పూర్తిగా వాడాలి. వాడకపోతే రెండు మూడు వారాల తర్వాత కొందరిలో కీళ్లవాతజ్వరం వచ్చి గుండె కవాటాలను కొరుకుతుంది. గొంతులో మొదలైన జబ్బును ఏళ్ల తర్వాత గుండె దగ్గర మర్మరంగా వినేది మళ్లీ స్టెతస్కోపే. గొంతులో బూడిదరంగు పొర కడితే అది కంఠసర్పి. టీకాలతో చాలావరకు తగ్గింది గానీ, టీకా తప్పిన పిల్లల్లో ఇంకా వస్తుంది.

చెవి విషయంలో స్టెతస్కోపు చేతకానిది. అక్కడ పని ఆటోస్కోపుది, అంటే చెవిలోకి చూసే చిన్న దీపానిది. నడిమి చెవిని ముక్కు వెనకభాగంతో కలిపే గొట్టానికి పదహారో శతాబ్దపు ఇటలీ శాస్త్రవేత్త యూస్టాకీ పేరు పెట్టారు. పెద్దల్లో అది ఏటవాలుగా ఉంటుంది, పసివాళ్లలో పొట్టిగా, దాదాపు అడ్డంగా ఉంటుంది. జలుబు చేసినప్పుడు అది మూసుకుపోతుంది, నడిమి చెవిలో నీరు చేరుతుంది, ముక్కులోని బ్యాక్టీరియా అందులో పెరుగుతుంది. ఆరు నెలల నుంచి రెండేళ్ల వయసులో చెవిపోటు ఎక్కువగా రావడానికి కారణం ఇదే. పాలసీసా పడుకోబెట్టి పట్టడం, ఇంట్లో బీడీ పొగ దీన్ని పెంచుతాయి. తల్లిపాలు తగ్గిస్తాయి.

చెవిపోటు తరచూ రాత్రిపూట ముదురుతుంది. బిడ్డ చెవి పట్టుకుని ఏడుస్తుంది, తెల్లారేసరికి దిండు మీద చీము కనిపిస్తుంది, ఏడుపు ఆగుతుంది. నొప్పి తగ్గింది కదా అని ఇంట్లోవాళ్లు ఊరుకుంటారు. నిజానికి అప్పుడు కర్ణభేరి చిరిగింది, లోపలి ఒత్తిడి తగ్గింది, అందుకే నొప్పి పోయింది. చిన్న చిరుగు కొన్ని వారాల్లో మానుతుంది. మానకుండా రెండు వారాలకు మించి చెవి కారుతుంటే అది దీర్ఘకాలిక చీముచెవి. వినికిడి మెల్లగా తగ్గుతుంది, బళ్లో పిలిస్తే పలకడం లేదని పిల్లవాడికి దెబ్బలు పడతాయి. చీము కంపు కొడుతున్నా, చెవి వెనక ఎముక మీద వాపు వచ్చినా ఆలస్యం కూడదు. తిరుపతి రుయా, కుప్పం పీఈఎస్ వైద్య కళాశాల ఆసుపత్రి ఈ ప్రాంతానికి అందుబాటులో ఉన్న పెద్దాసుపత్రులు.

కారే చెవిలో వెల్లుల్లి కాచిన నూనె పోయడం ఈ వైపు బాగా ఉన్న అలవాటు. భేరికి చిల్లు ఉంటే ఆ నూనె నేరుగా నడిమి చెవిలోకి పోతుంది, కొన్నిసార్లు బూజు కూడా పడుతుంది. శుభ్రమైన మెత్తటి గుడ్డను వత్తిలా చుట్టి చీమును పీల్పించి, చెవిని పొడిగా ఉంచడమే మొదటి వైద్యం. అగ్గిపుల్ల, పిన్నీసు, కోడి ఈక చెవికి దూరంగా ఉండాలి. గుబిలి మురికి కాదు, చెవి తనకు తాను పూసుకునే రక్షణ. రెండేళ్లు దాటిన బిడ్డకు ఒక చెవిలో తేలికపాటి నొప్పి అయితే, పారాసిటమాల్ ఇచ్చి రెండు మూడు రోజులు గమనించమని డాక్టరు చెప్పవచ్చు. ఆరు నెలలు నిండని బిడ్డ విషయంలో అలా ఆగరు. వేసవిలో బావుల్లో ఈదే పిల్లలకు వచ్చేది వేరే జబ్బు, అది బయటి చెవిగొట్టానిది. చెవి డొప్ప పట్టి లాగితే ప్రాణం పోయేంత నొప్పి పుడుతుందంటే సాధారణంగా అదే.

స్వరపేటిక దిగితే స్టెతస్కోపు రాజ్యం. పొడిదగ్గు, గళ్ల, కాస్త జ్వరం ఉండే శ్వాసనాళపు వాపులో దగ్గు రెండు మూడు వారాలు సాగుతుంది. ఎక్కువ భాగం వైరస్ వల్లే, యాంటీబయాటిక్ పెద్దగా పనిచేయదు. రెండేళ్లలోపు పిల్లల్లో ఆర్‌ఎస్‌వీ అనే వైరస్ సన్నని నాళికలను వాపెక్కించి పిల్లికూతలు పుట్టిస్తుంది. నిమ్ములో గాలిగదుల్లోకి చీము, నీరు చేరతాయి. అక్కడ పొర ఆనిస్తే చెవి పక్కన వెంట్రుకలు నలిపినట్టు చిటపటలు వినిపిస్తాయి. ఇన్నేళ్ల కొలువులో స్టెతస్కోపు గర్వపడేది ఈ ఒక్క శబ్దాన్ని పట్టుకున్నప్పుడే.

ఆ గర్వాన్ని కాస్త దించింది పొరుగూరే. చిత్తూరు దాటి తమిళనాడులోకి పోతే వచ్చే వేలూరులో, క్రిస్టియన్ మెడికల్ కాలేజీ వైద్యులు థామస్ చెరియన్, జాకబ్ జాన్, వారి సహచరులు 1988లో లాన్సెట్ పత్రికలో ఒక అధ్యయనం ప్రచురించారు. పిల్లల్లో దిగువ శ్వాసమార్గపు జబ్బును పట్టుకోవడానికి మామూలు లక్షణాలు ఎంతవరకు పనికొస్తాయో చూశారు. వేగంగా ఊపిరి తీయడం, డొక్కలు లోపలికి పీక్కుపోవడం గట్టి ఆనవాళ్లని తేలింది. ఈ రెంటికీ గొట్టం అక్కర్లేదు, కళ్లూ సెకన్ల ముల్లున్న గడియారమూ చాలు. ఇలాంటి పరిశోధనల ఆధారంగా ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దులు పెట్టింది: ప్రశాంతంగా ఉన్న బిడ్డ ఊపిరి నిమిషానికి రెండు నెలలలోపు 60, రెండు నెలల నుంచి ఏడాదిలోపు 50, ఏడాది నుంచి అయిదేళ్లలోపు 40, లేదా అంతకు మించితే నిమ్ము అనుమానించాలి. స్టెతస్కోపు వాడటం రాని ఆరోగ్య కార్యకర్త కూడా దీన్ని లెక్కపెట్టగలదు. సమయానికి మొదలుపెట్టిన అమాక్సిసిలిన్ అనే యాంటీబయాటిక్ చాలామంది పిల్లలను ఇంటి దగ్గరే కాపాడుతుంది. నిమ్ముకు ముఖ్య కారణమైన న్యూమోకాకస్‌కు టీకా 2021 నుంచి దేశమంతటా ఉచితంగా ఆరు వారాలకు, పద్నాలుగు వారాలకు, తొమ్మిదో నెలలో వేస్తున్నారు. కట్టెలపొయ్యి పొగలో చంకబిడ్డతో వంట చేసే ఇళ్లలో టీకా ఒక్కటే చాలదు.

దగ్గు రెండు వారాలు దాటితే మాట మారుతుంది, క్షయను కూడా అనుమానించాలి. మదనపల్లె పక్కన ఆరోగ్యవరంలో 1915లో మొదలైన క్షయ శానిటోరియం ఈ సీమకంతటికీ ఆ జబ్బు పేరు నేర్పింది. డెన్మార్క్ వైద్యుడు క్రిస్టియన్ ఫ్రిమోట్ మొల్లర్ దాన్ని నడిపాడు. 1950 నుంచి ఆ చుట్టుపక్కల గ్రామాల్లో బీసీజీ టీకా మీద పరిశోధన జరిగింది. లానెక్‌ను చంపిన జబ్బును పట్టుకోవడానికి కూడా స్టెతస్కోపు చాలదు, గళ్ల పరీక్ష చేయించాల్సిందే.

స్టెతస్కోపు మీద ఒక అభియోగమూ ఉంది. ఒక ఛాతీ నుంచి ఇంకో ఛాతీకి క్రిములను మోసే వీలు దానికి ఉంది. రోగికీ రోగికీ మధ్య స్పిరిట్ దూదితో పొర తుడవాలి.

ఇంట్లో చిన్నబిడ్డకు దగ్గుతో జ్వరం ఉంటే, నిద్రలోనో ఏడవకుండా ఉన్నప్పుడో చొక్కా పైకెత్తి, గడియారం చూస్తూ నిండు నిమిషం ఊపిరి లెక్కపెట్టండి. ఆ అంకె పైన చెప్పిన హద్దుకు చేరినా, దాటినా, డొక్కలు ఎగరేస్తున్నా, పాలు తాగకపోయినా, మత్తుగా పడి ఉన్నా తెల్లారే దాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకుపోండి.