తెల్లవారుజాము పాఠకులు

డైరెక్టర్ గారు ప్రతి సోమవారం ఉద్యోగులకు ఒక ఉత్తరం రాసి ఆఫీసు సర్వర్లో పెట్టిస్తారు. ఇరవై పేజీలకు తగ్గదు. ఎవరైనా చదువుతున్నారా అని అనుమానం వచ్చి, ఓ రోజు సిస్టమ్ అడ్మిన్ కుర్రాణ్ణి పిలిపించారు.

"చెప్పలేం సార్. డిస్కు నోఏటైమ్‌తో మౌంటయి ఉంది. ఫైలు ఎప్పుడు చదివారో రాసుకోదు."

"ఎందుకు రాసుకోదు?"

"చదివిన ప్రతిసారీ సమయం రాయాలంటే డిస్కుకు దండగ పని సార్. ఇంగో మోల్నార్ అని లినక్స్ కెర్నెల్ ఉద్దండుడు, యూనిక్స్‌లో ఇంత తెలివితక్కువ ఆలోచన ఇంకోటి లేదేమోనని 2007లోనే తిట్టిపోశాడు. 2009లో వచ్చిన 2.6.30 కెర్నెల్ నుంచి రెలటైమ్ డిఫాల్ట్ అయింది. ఫైలు మారాక మొదటిసారి చదివితే రాస్తుంది, ఆ తర్వాత 24 గంటలు దాటితేనే మళ్ళీ రాస్తుంది."

"అది చాలు, పెట్టెయ్."

ఒక్క రీమౌంట్‌తో పనైపోయింది. రెండు వారాలు పోయాక చూస్తే, ప్రతి ఉత్తరం పక్కనా ఒకటే సమయం: ఆదివారం తెల్లవారుజాము 2 గంటలు. డైరెక్టర్ గారు మీటింగులో పొంగిపోయారు. "సెలవు రోజున, నిద్ర మానుకుని చదువుతున్నారు!" అందరూ చప్పట్లు కొట్టారు. చప్పట్లకేం, ఎప్పుడైనా కొడతారు.

కుర్రాడు ఉండబట్టలేక గదిలోకెళ్ళి చెప్పాడు. "అది బ్యాకప్ సార్. టార్ అనే ప్రోగ్రామ్ వారానికోసారి ఫైళ్ళన్నీ చదువుతుంది."

"దాని ముద్ర పడకుండా చెయ్యి."

టార్‌కు ఏటైమ్-ప్రిజర్వ్ అనే ఆప్షన్ తగిలించాడు. అందులోనూ 'సిస్టమ్' అనే ఇవ్వాలి. 'రీప్లేస్' అంటే పాత సమయాన్ని తిరిగి అంటించబోయి సీటైమ్‌ను, అంటే ఫైలు వివరాలు మారిన సమయాన్ని, కదిలిస్తుంది. అప్పుడు ముట్టుకోని ఫైలు కూడా మారినట్టే కనిపిస్తుంది.

ఇంకో వారం గడిచింది. కొత్త ఉత్తరం, సర్వర్లో పెట్టిన నిమిషం దగ్గరే ఆగిపోయి ఉంది. పాతవి ఆఖరి బ్యాకప్ దగ్గర ఆగాయి. ఆ ఫోల్డర్ మొత్తంలో ఒక్క ఫైలు మాత్రం కళకళలాడుతోంది, ఏ రోజు చూసినా ఆ రోజు సమయమే. హెచ్‌ఆర్ వాళ్ళు ఎప్పుడో పెట్టిన 'రాజీనామా పత్రం - నమూనా'.

డైరెక్టర్ గారి మొహం కందగడ్డయింది. "ఎవరు వాళ్ళు?"

"ఏటైమ్‌లో సమయమే ఉంటుంది సార్, పేరుండదు."

"అయితే ఈ గొడవంతా ఎందుకు? మళ్ళీ నోఏటైమ్ పెట్టెయ్, ఇవాళే."

"కొత్తగా వచ్చేవాడు పెడతాడు సార్. పొద్దున 9:40ది నాదే."