ఒంగని బండికి గుండు టైరేల?

అవతారిక

సూరత్‌లో పర్వత్ పాటియా పక్కన గోడాదరా. మగ్గం పని వెతుక్కుంటూ కరీంనగర్, వరంగల్, నల్లగొండ వైపుల నుంచి వచ్చిన పద్మశాలీలు ఈ చుట్టుపట్ల తరాలుగా స్థిరపడ్డారు. నగరపాలక సంస్థ గుజరాతీ, మరాఠీ, ఒడియా బడులతో పాటు తెలుగు బడులూ నడిపిన ఊరు ఇది. కాబట్టి పవర్‌లూముల టకటకల మధ్య కూర్చుని ఎవరైనా ప్రతిపదార్థం రాస్తే వింతేమీ లేదు. వింతల్లా ఎంచుకున్న మూలంలోనే ఉంది.

మూలం: ఒంగని బండికి గుండు టైరేల?

కర్త పేరు తెలియదు. పంచరు షాపులో పుట్టే సూత్రాలకు ముద్రణ హక్కులు ఉండవు. సందర్భాన్ని మాత్రం ఊహించుకోవచ్చు: బుల్లెట్టుకు సైడుకారు తగిలించుకున్న ఒక ఆసామి, వెనక టైరు పదే పదే అరిగిపోతోందని విసిగి, కారు టైరు ఎక్కుతుందా అని అడిగాడు. షాపువాడు ఈ ఒక్క ప్రశ్నతో బదులిచ్చాడు. గోడాదరాలో సైడుకార్లు అరుదే గాని ఒంగని బండ్లకు కొదవ లేదు. తానుల మూటలు మోసే లోడింగ్ రిక్షాలు, ఆటోలు, పక్క చక్రాలు బిగించిన స్కూటర్లు, అన్నీ ఆ కోవలోవే.

మెదక్ సీమ కొల్చారానికి చెందిన మల్లినాథసూరి, మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ఒట్టు పెట్టుకుని కాళిదాసును వ్యాఖ్యానించాడు. ఈ టీకాకారుడికి అంత నిగ్రహం లేదు. మూలంలో ఉన్నవి నాలుగు మాటలు, సంధి విడదీస్తే అయిదు. టైరు పక్కగోడ మీద రాతే అంతకన్నా పొడవు.

ప్రతిపదార్థం

ఒంగని = మలుపునందు పక్కకు వాలనట్టి; బండికి = వాహనమునకు; గుండు = గుండ్రనైన, లేదా బోడియైన; టైరు = చక్రమునకు తొడుగు రబ్బరు కవచము; ఏల = ఎందుకు?

వ్యాకరణ విశేషాలు: 'ఒంగని' వ్యతిరేకార్థక విశేషణం. గ్రాంథికులు 'వంగని' అని దిద్దుతారు. దిద్దినంత మాత్రాన బండి వంగదు. 'టైరు' అన్యదేశ్యం. అయినా 'ఏల' పరమైతే ఉత్వసంధికి లొంగి 'టైరేల' అయింది. పరాయి రిమ్ముకు లొంగని టైరు పరాయి భాషకు ఇంత సులువుగా లొంగడం గమనించదగ్గది. 'బండికి' షష్ఠీ విభక్తి, సంబంధాన్ని చెబుతుంది. ఆ సంబంధం కుదురుతుందా లేదా అన్నదే తగాదా.

టీక

శాస్త్రమంతా 'ఒంగని' అన్న మొదటి మాటలోనే ఉంది. రెండు చక్రాల బండి మలుపు తిరగాలంటే ఒంగాలి. అందుకే దాని టైరును అడ్డంగా కోసి చూస్తే పైభాగం గుడ్డు పెంకులా వంపుగా కనిపిస్తుంది. నిటారుగా పోయేటప్పుడు నడుము నేలను తాకుతుంది, ఒంగినప్పుడు భుజం తాకుతుంది. ఎటు ఒంగినా రోడ్డుకు ఆనే రబ్బరు దాదాపు అంతే. ఇంకో సుఖం కూడా ఉంది. మూతి వెడల్పుగా, అడుగు సన్నగా ఉండే స్టీలు గ్లాసును నేల మీద దొర్లిస్తే తిన్నగా పోదు, సన్నటి వైపుకు తిరుగుతుంది. ఒంగిన గుండ్రటి టైరుదీ అదే గుణం. మలుపు పనిలో కొంత టైరే చేసిపెడుతుంది.

సైడుకారు తగిలిస్తే ఈ విద్యంతా అటకెక్కుతుంది. మూడో చక్రం బండిని ఒంగనివ్వదు. ఇక నేలకు ఆనేది నడుమనున్న సన్నటి పట్టీ ఒక్కటే. తోలేవాడి బరువు, సామాను బరువు, తొట్టిలో కూర్చున్న మేనమామ బరువులో వాటా, అన్నీ దాని నెత్తినే. మలుపులో బండిని పక్కకు తోసే బలాన్ని కూడా ఆ పట్టీయే రోడ్డుకు రుద్దుకుంటూ భరించాలి. కొన్నాళ్లకు నడుము చదునై బట్టతల దిగుతుంది. భుజాల మీది గీతలు మాత్రం షాపులోంచి తెచ్చిన నాటి నిగనిగతోనే ఉంటాయి.

ఇక్కడే 'గుండు'లో శ్లేష. గుండ్రని టైరు ఏల అన్నది ఒక అర్థం, బోడి టైరు ఏల అన్నది మరొకటి. మొదటిది కారణం, రెండోది కార్యం. రెండింటినీ ఒకే మాటలో ఇరికించిన సూత్రకారుడు అలంకారశాస్త్రం చదివి ఉండడు, టైర్లు చాలా విప్పి ఉంటాడు.

కారు ఒంగదు కాబట్టి కారు టైరు నేలకు ఆనే మేర చదునుగా ఉంటుంది. బరువు వెడల్పంతా పరుచుకుంటుంది. సూత్రంలోని ధ్వని అదే.

తాత్పర్యం

మలుపులో ఒరగని మూడు చక్రాల బండికి, ఒరగడం కోసమే మలిచిన గుండ్రటి టైరు వేస్తే నడుమ బోడి అవుతుందని భావం.

పూర్వపక్షం

"అయితే కారు టైరు తెచ్చి ఎక్కించెయ్యి" అంటాడు తొందరపాటు శిష్యుడు. టైరు కంపెనీలు ఒప్పుకోవు. మోటారు సైకిలు రిమ్ము మీద కారు టైరు వేయవద్దని ముక్తకంఠంతో చెబుతాయి. కారణం టైరు అంచున తీగ దాగి ఉండే బీడు. కారు టైరు బీడును కారు రిమ్ము గూడుకు తగ్గట్టు మలుస్తారు. మోటారు సైకిలు రిమ్ములో ఆ గూడు ఆకారం వేరు. అంగుళాల అంకె కలిసినా ఆకారం కలవదు. కూర్చోని బీడును మొండిగా గాలి ఎక్కించి కూర్చోబెట్టబోతే తీగ తెగవచ్చు, రిమ్ము పగలవచ్చు, ఎదుట ఉన్నవాడి చెయ్యి పోవచ్చు.

పైగా అంకే కలవదు. పాత బుల్లెట్ స్టాండర్డు టైరు 3.25-19, అంటే మూడుంపావు అంగుళాల వెడల్పు, 19 అంగుళాల రిమ్ము. ఆ సన్నటి కొలతలో కారు టైరు దుకాణాల్లో దొరికేది కాదు. ఆల్టో 800 టైరు 145/80 ఆర్ 12. ఇక్కడ 145 వెడల్పు, మిల్లీమీటర్లలో. 80 అంటే పక్కగోడ ఎత్తు వెడల్పులో నూటికి ఎనభై వంతులు. 'ఆర్' అంటే రేడియల్. 12 రిమ్ము, అంగుళాల్లో. ఒకే పంక్తిలో మిల్లీమీటర్లూ అంగుళాలూ కాపురం చేయడం ఏ ఛందస్సుకీ అందదు. ఆ వెనకే 74టి అని ఉంటే, 74 అన్న సూచిక 375 కిలోల బరువుకు, 'టి' గంటకు 190 కిలోమీటర్ల వేగానికి గుర్తు. మోటారు సైకిలు టైరు మీద ఉండే 52 అయితే 200 కిలోలు. బరువు మోయడంలో కారు టైరుదే పైచేయి అని శిష్యుడు ఇక్కడ మళ్లీ తల ఎత్తుతాడు.

సిద్ధాంతం

టైరు మార్చదలిస్తే రిమ్మూ మార్చాలి. యూరప్‌లో సైడుకార్లు కట్టేవారు పట్టిన దారి ఇది. మోటారు సైకిలు హబ్బును ఉంచి, దాని చుట్టూ 15 అంగుళాల కారు రిమ్మును కొత్త చువ్వలతో అల్లుతారు, లేదా ఏకంగా కారు తరహా చక్రమే బిగిస్తారు. నెదర్లాండ్స్‌కు చెందిన ఇఎంఎల్ సైడుకార్లు ఈ సంప్రదాయంలో పేరుమోసినవి. వీరికి సన్నటి కారు టైరు ఇచ్చిన పుణ్యాత్మురాలు ఫ్రాన్స్ రైతుబండి సిట్రోయెన్ 2సివి. 125 ఆర్ 15 వంటి బక్క టైర్లు దానివి. లావు టైరయితే బుల్లెట్టు వెనక చక్రాన్ని పట్టే చేతుల మధ్య దూరదు.

లెక్క కడితే ఇబ్బంది కంటికి కనిపిస్తుంది. 3.25-19 టైరు వ్యాసం సుమారు 648 మిల్లీమీటర్లు, ఆ బక్క టైర్ల కోవలోనే కాస్త లావైన 135/80 ఆర్ 15 టైరుది 597. కిలోమీటరుకు మొదటిది దాదాపు 491 చుట్లు తిరిగితే రెండోది 533 చుట్లు తిరగాలి. అంటే ఇంజను నూటికి ఎనిమిది వంతులకు పైగా ఎక్కువ తిరగాలి. సైడుకారు బరువు లాగే బండికి ఇది శాపం కాదు, వరమే. గేరు కాస్త దిగినట్టవుతుంది. వెడల్పు మాత్రం ఒక్కో వైపు అంగుళం చొప్పున పెరుగుతుంది, ఆ అంగుళంలో గొలుసు ఉంటుంది. గొలుసుకూ టైరుకూ మధ్య వేలు దూరుతుందా లేదా అని చూడనివాడు టీక ఎంత చదివినా దండగ.

మరో చిక్కు చువ్వలది. మోటారు సైకిలు ఒంగినప్పుడు బరువు దాదాపు చక్రపు తలంలోనే పడుతుంది. ఒంగని బండిలో మలుపు బలం చక్రాన్ని అడ్డంగా విరవజూస్తుంది. చదును టైరు రోడ్డును గట్టిగా పట్టుకుంటుంది గనుక ఆ విరుపు ఇంకా ఎక్కువ. టైరు నిలిచి చువ్వలు తెగిన బండిని చూసి సూత్రకారుడు ఇంకో సూత్రం రాసి ఉండవలసింది.

మతభేదం

రష్యాలో ఇర్బిట్ వారి ఉరాల్ సైడుకారు బండ్ల సంప్రదాయం దీనికి ఎదురు. చాలాకాలం ఆ బండి మూడు చక్రాలూ, వెనక కట్టిన అదనపు చక్రమూ ఒకే కొలత, 19 అంగుళాలు. ఏది పాడైనా ఏదైనా వేసుకోవచ్చు. వెనక ఒక్కదానికి కారు టైరు తొడిగితే ఆ సమానత్వం చెడుతుంది, అడవి మధ్య అదనపు చక్రం అలంకారంగా మిగులుతుంది. ఈ వాదం బలమైనదే. కాకపోతే గోడాదరా నుంచి రింగ్ రోడ్డు బట్టల మార్కెట్ల దాకా అడవి లేదు, అడుగడుగునా పంచరు షాపులే.

మన దేశంలో ఢిల్లీ ఫట్‌ఫటీది వేరే శాఖ. రెండో ప్రపంచ యుద్ధంలో మిగిలిన హార్లీ డేవిడ్సన్ల వెనక బండి కట్టిన ఈ ఫట్‌ఫటీలు చాందినీ చౌక్ వైపు జనాన్ని మోశాయి. 1990ల చివర కాలుష్య నిబంధనలతో కనుమరుగయ్యాయి. గుజరాత్‌లోనే సౌరాష్ట్రంలో ఛకడో ఉంది. ముందు సగం బుల్లెట్టు, వెనక సగం బండి, కడుపులో డీజిల్ ఇంజను. రాజ్‌కోట్‌కు చెందిన అతుల్ ఆటో ఈ వంశంలోంచే ఎదిగింది. 'ఛకడో' మన శకటానికి తోబుట్టువు. ఆ బండి టైరు గొడవను మొదటే తెంచుకుంది. సైడుకారు పక్కన కట్టుకోవడం మానేసి వెనక రెండు చక్రాలు పెట్టుకుంది, ఒంగుతానన్న భ్రమ దానికి ఎన్నడూ లేదు.

రాజశాసనం

1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్, తయారీదారు మొదట నిర్దేశించిన వివరాలకు విరుద్ధంగా బండిని మార్చవద్దంటుంది. 2019 జనవరిలో కేరళ కేసులో సుప్రీంకోర్టు దాన్నే గట్టిగా చెప్పింది. కాబట్టి 'ఏల?' అన్న ప్రశ్నను పంచరు షాపు తర్వాత ఆర్టీఓ కూడా అడుగుతాడు. ఆయన ప్రశ్నలో శ్లేష ఉండదు.

శాసనం సంగతి అలా ఉంచితే, ఆంధ్ర, తెలంగాణ ప్రభుత్వాలు దివ్యాంగులకు పంచిన మూడు చక్రాల మోటారు బండ్లూ, సొంత ఖర్చుతో పక్క చక్రాలు బిగించుకున్న స్కూటర్లూ ఒంగనివే. యాక్టివా వెనక టైరు చాలాకాలం 90/100-10. పక్క చక్రాలు వచ్చాక అదీ నడుమ అరుగుతుంది. ఆ పది అంగుళాల చిన్న రిమ్ముకు మామూలు కారు టైరు ఊసే లేదు. వాటి సొంతదారులకు మిగిలింది గాలి కొలత తప్పకుండా చూసుకోవడం, నడుమ గీతలు మాయం కాకముందే టైరు మార్చడం.

ఇతి శ్రీమత్ సూరత్ నగర గోడాదరా పేటయందు, పవర్‌లూమ్ ఘోషా పరివృతుండైన అనామక టీకాకారుండు రచించిన 'ఒంగని బండి' వ్యాఖ్యానమున వెనక చక్రము సమాప్తము. ముందు చక్రమునకు తాళపత్రప్రతి దొరకలేదు. సైడుకారు చక్రము పంచరైయున్నది.