గ్రేడు నాన్న

శనివారం పొద్దున కొండాపూర్, గచ్చిబౌలి గేటెడ్ కమ్యూనిటీల్లో తిరిగే మనిషి ఈయన. సెలవురోజైనా మెళ్లో ఐడీ కార్డు, చంకలో కూతురి పియానో పుస్తకం. ట్రినిటీ కాలేజ్ లండన్ వాళ్ల గ్రేడు పరీక్ష పాపది, బీపీ ఈయనది.

పియానో కీ ఒక్కటీ ముట్టడు. నోటేషన్‌కి మాత్రం కోడ్ రివ్యూ చేస్తాడు. స్వరాల మీద వంపు గీత కనిపిస్తే చాలు, పెన్సిల్ ఆగిపోతుంది. "ఇది టైయా, స్లర్రా?"

పాపం, ఆయన్నీ అనలేం. చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి. టై పక్కపక్కనున్న ఒకే స్వరాన్ని కలుపుతుంది. మొదటిది వాయించి, రెండోదాని కాలం కూడా అలాగే పట్టి ఉంచాలి. బార్ నిండిపోయినా స్వరం ఇంకా మిగిలితే బార్ గీత దాటించేది ఇదే. స్లర్ కింద స్వరాలు మారుతుంటాయి. అన్నీ వాయించాలి, మధ్యలో తెగకూడదు.

ఇంత సంగతినీ ఈయన ఒక్క లైనుకి కుదించి ఫ్రిజ్‌కి అంటించాడు: "మొదటి స్వరం, చివరి స్వరం ఒకటైతే టై."

"నాన్నా, ఇక్కడ సి, డి, సి ఉంది. మొదలూ చివరా సి యే. మధ్యలో డి ని ఏం చేయను?"

గ్రేడు నాన్న ఫ్రిజ్ వైపు చూశాడు. "అది ఎడ్జ్ కేసు తల్లీ."

"కాదు నాన్నా, స్లర్."

వంటింట్లోంచి నానమ్మ అందుకుంది. "మా సరిగమల పుస్తకంలో ఈ గొడవే లేదురా! స్వరం పక్కన కామా ఉంటే సాగదీయడమే. సుబ్బరామ దీక్షితులు గారు 1904లోనే సంగీత సంప్రదాయ ప్రదర్శిని తెలుగులో అచ్చేయించి, జారు గమకానికో గుర్తు, కంపితానికో గుర్తు పెట్టారు."

ఈయన కళ్లు మెరిశాయి. "అంటే లెగసీ సిస్టమ్‌లో ఈ బగ్గే లేదన్నమాట!" ఫ్రిజ్ మీది కాగితం మాత్రం తీయలేదు. కింద "వెర్షన్ 2" అని రాసి, "మధ్యలో ఇంకేమీ లేకపోతే" అని చేర్చాడు.

సోమవారం మాదాపూర్ ఆఫీసులో స్టాండప్ మీటింగ్.

"ఈ టాస్క్ పోయిన స్ప్రింట్‌లోదే కదండీ, మళ్లీ ఎందుకొచ్చింది?" అన్నాడు మేనేజర్.

"ఇది టై సార్. గీత దాటి వచ్చిందంతే. మళ్లీ మొదలెట్టక్కర్లేదు, అలా పట్టుకుని ఉంటే చాలు."

మేనేజర్ గారి అబ్బాయి పియానోలో గ్రేడ్ ఫోర్.

"పట్టుకోండి, కాదన్ను. అసలు మొదటిసారి కీ నొక్కారా?"