తన పని తాను చేసికొనుట

లోకమునందు కొన్ని వృత్తులకు పేరొక్కటి చాలును. మఱికొన్నింటికి పేరు చెప్పిన పిమ్మట అరగంట వ్యాఖ్యానము కావలెను. వైద్యుడనని చెప్పినచో ఎదుటివాడు నాలుక చాచి చూపును. ఇంజనీరునని చెప్పినచో తన మేనల్లునికి ఉద్యోగ మడుగును. నేను ఆక్యుపేషనల్ థెరపీ బోధించువాడనని చెప్పితినా, బహ్రెయినులోని తెలుగువారు ఉగాదిపచ్చడి దొన్నె చేతిలో నుండగనే "ఓహో, ఫిజియోథెరపీయా!" అని తమంత తామే నిశ్చయించుకొని, నన్నొక మూలకు పిలిచి, ప్యాంటు మోకాలివఱకు మడచి చూపుదురు. ఈ దీవిలో నేను దర్శించినన్ని తెలుగు మోకాళ్ళను తెనుగుదేశమునందలి ఏ ఎముకల వైద్యుడును దర్శించి యుండడని నా నమ్మకము. ఆ విద్య వేఱు, నా విద్య వేఱు అని మొదట్లో వాదించెడివాడను. ఇప్పుడు వాదము మాని, "మెట్లెక్కుట కొంచెము తగ్గించండి" అని దీవించి పంపుచున్నాను, అందఱును సంతోషించుచున్నారు.

జబ్బుచేతనో, ప్రమాదముచేతనో, పుట్టుకతోనో చేయియు కాలును స్వాధీనము తప్పినవారు తమ అన్నము తాము తినుట, తమ చొక్కా తాము తొడుగుకొనుట, తమ తల తాము దువ్వుకొనుట, వీలైనచో తమ జీవనోపాధిని తిరిగి తాము చూచుకొనుట మొదలగు పనులను మరల అలవరచెడి విద్య ఇది. ఆ అలవరచువారిని తయారుచేయుట నా కొలువు. మనామా చుట్టుపట్ల వైద్యవిద్యకు కొఱతలేదు. గల్ఫ్ రాజ్యములు కలసి నెలకొల్పిన అరేబియన్ గల్ఫ్ విశ్వవిద్యాలయ మొకటి, 2004లో ఐర్లండునుండి వచ్చి వెలసిన రాయల్ కాలేజి శాఖ యొకటి, దేశమున కంతకును పెద్దదైన సల్మానియా ఆసుపత్రి యొకటి, అన్నియు కారులో కొద్దిసేపటి దూరముననే యున్నవి. నేను పాఠము చెప్పుచోటు పేరు మాత్రము వ్రాయను. ఆ సంస్థ నాయెడల ఏ పాపమును చేయలేదు.

నా శిష్యులు పట్టభద్రులు, కొందఱు ఉద్యోగస్థులు. ఎక్కువమంది ఈ దేశపు ఆడపిల్లలు. కొందఱు మాత్రము 1986లో తెఱచిన ఇరువదియైదు కిలోమీటర్ల కింగ్ ఫహద్ వంతెన దాటి సౌదీనుండి వత్తురు. ఆ వంతెన వాహనములకు ఎంత ఉపకారియో ఆలస్యముగా వచ్చు విద్యార్థులకు అంతకు మించిన ఉపకారి. మన ఊళ్ళలో రైలుగేటు వలె అది ఎప్పుడు మూసికొన్నను ఎవరును ప్రశ్నింపరాదు. అందఱును నన్ను "డాక్టర్" అనియే పిలుతురు. ఇచ్చట పంతుళ్ళందఱకును అదే పిలుపు అని తెలిసియు, ఆ మాట చెవిని పడినప్పుడెల్ల నా వెన్నెముక కొంచెము నిటారగును.

ఈ విద్యకు పుట్టినిల్లు అమెరికా. 1917 మార్చినెలలో, న్యూయార్కు రాష్ట్రమునందలి క్లిఫ్టన్ స్ప్రింగ్స్ అను చిన్న ఊరిలో, ఆఱుగురు కూడి ఇందుకొక సంఘమును స్థాపించిరి. వారిని పిలిచినవాడైన జార్జి ఎడ్వర్డ్ బార్టన్ వైద్యుడు కాడు, భవనశిల్పి. క్షయవ్యాధితో చిక్కి, ఎడమపాదమును కొంత కోల్పోయి, అది చాలదన్నట్లు ఎడమవైపు పక్షవాతమునకు కూడ గుఱియై, వడ్రంగమును తోటపనియు చేయుచు తన్ను తాను బాగుచేసికొన్నవాడు. ఆ ఆఱుగురిలో నొకతెయైన తన కార్యదర్శిని ఆయన తరువాత వివాహమాడెను. సంఘము పెట్టి ఇంత త్వరగా ఫలము ననుభవించినవా రరుదు. మన దేశమునకు దీనిని తెచ్చినది కమలా నింబ్కర్. అమెరికాలో పుట్టి, మరాఠీ ఇంటి కోడలై వచ్చి, 1950లో బొంబాయి కె.ఇ.ఎం. ఆసుపత్రియందు పాఠశాల తెఱచినది. 1952లో ప్రపంచ సమాఖ్య యేర్పడినప్పుడు దానిని స్థాపించిన దేశములలో మనదియు నొకటి. ఇంతయు చెప్పుట యెందులకనగా, ఇది కోడలు తెచ్చిన విద్య. కావుననే కాబోలు, అల్లుళ్ళకు దీనియందు విశ్వాసము తక్కువ.

ఆ సంగతి బార్తెల్ పట్టిక చెప్పునప్పుడు నాకు ప్రతి సంవత్సరమును జ్ఞప్తికి వచ్చును. మహోనీ, బార్తెల్ అను ఇరువురు విదుషులు 1965లో మేరీలాండు వైద్యపత్రికయందు ప్రకటించిన ఈ పట్టికలో పది అంశములు, మొత్తము నూఱు మార్కులు. తినుటకు పది, బట్ట కట్టుటకు పది, మెట్లెక్కుటకు పది, స్నానమున కైదు. ఇట్లు మనుష్యుని స్వాతంత్ర్యమును తక్కెడలో పెట్టి తూచెదరు. అందు తినుట యను పద్దు క్రింద ఒక నిబంధన గలదు: ముక్కలు కోయుటకును, వెన్న పూయుటకును ఒకరి సాయము కావలసినచో ఆ మనుజునికి పదింటిలో ఐదే. ఇప్పుడు సంక్రాంతికి అత్తవారింటికి వచ్చిన అల్లుని తలచుకొనుడు. విస్తరి యొకరు వేయుదురు. ముద్దపప్పులో నేయి అత్తగారు వంచును. చాలునని అల్లుడు చేయి అడ్డము పెట్టినను ఆ వ్రేళ్ళ సందులనుండియే ధార కొనసాగును. చేయి కడుగుటకు బావమఱది నీళ్ళు పోయును. తుండుగుడ్డ మఱదలు అందించును. ఆ మేరీలాండు వైద్యపత్రిక ప్రమాణము ననుసరించి చూచినచో గోదావరి జిల్లాల అల్లుళ్ళందఱును, ఆ మూడు దినములును, తీవ్రమైన పక్షవాతరోగులే. "నేయి నీవే వేసికొనుము నాయనా" అని అతనితో చెప్పినచో మార్కులు పెరుగునేమో కాని సంబంధము నిలువదు.

ఈ పట్టిక నొకనాడు బల్లమీద వదలి స్నానమునకు పోవుట జరిగెను. తిరిగి వచ్చునప్పటికి మా ఆవిడ కళ్ళజోడు పెట్టుకొని, పెన్సిలు పుచ్చుకొని కూర్చున్నది.

"మీకు మార్కులు వేస్తున్నానండీ."

"అదేమిటి! నాకేం జబ్బు? నేను అన్నీ చేసుకోగలను."

"చేసుకోగలరా అని కాదుట. చేసుకుంటున్నారా అని చూడాలిట. ఇదిగో, ఇక్కడ రాసుంది, చదవండి."

నిజమే. రోగి చేయగలిగినది కాక చేయుచున్నది మాత్రమే గుర్తింపవలెనని ఆ పట్టికకు తొలి నియమము. దానిని క్రిందగీత గీసి విద్యార్థుల కొఱకు ఎఱ్ఱసిరాతో గుర్తు పెట్టినవాడను నేనే. నాకు వచ్చిన మొత్తమును ఇచ్చట ప్రకటింప నిచ్చగింపను. మెట్లెక్కుటకు మాత్రము పదికి పది వేసినదని చెప్పుకొనుటలో సంకోచము లేదు.

పాఠ్యగ్రంథములన్నియు చెంచాయు ఫోర్కును పట్టి వ్రాసినవి. నా తరగతిలోని వారందఱును, నాతో సహా, ఇంటివద్ద చేతితో తినువారు. ఒకనాడు మచ్బూస్ అను ఈ దేశపు మసాలా అన్నమును, ఎండునిమ్మకాయ వాసన గుబాళించుచుండగా, విద్యార్థినులే పెద్దపళ్ళెములో తెచ్చిరి. కీళ్ళవంపును కొలుచు గోనియోమీటరును నేను తెచ్చితిని. ఒక పనిని అంగాంగములుగా విడదీసి, ఏ వ్రేలు ఎంత వంగినది, మణికట్టు ఎంత లేచినది, కన్ను ఎప్పుడు సాయపడినది అని పరిశీలించుట మా శాస్త్రమునకు ప్రాణము. బహ్రెయినువారు అన్నమును అరచేతిలో అదిమి ఉండచేసి బొటనవ్రేలితో నోటిలోనికి నెట్టుదురు. మనము వ్రేళ్ళకొనలతో కలిపి అచ్చటనే ముద్దచేసి అందుకొందుము. ఈ రెండు సంప్రదాయముల భేదమును నిరూపించుటకై నేను ఇంటినుండి తెచ్చిన ఆవకాయ అన్నమును వడ్డించితిని. మొదటి ముద్దతోనే ఒక చిన్నది కన్నీళ్ళు కార్చుచు, కాగితముమీద "భుజములు చెవులవఱకు లేచినవి, శ్వాస నిలిచినది" అని శాస్త్రోక్తముగా వ్రాసికొనినది. పరిశోధన ఇంకను ముందునకు సాగెడిదే కాని, పరిశోధింపవలసిన పదార్థము ఆలోపల నిశ్శేషమయ్యెను.

మమ్ములను గిట్టనివారు బుట్టలల్లించెడి వైద్యులని వేళాకోళము చేయుదురు; మా పూర్వులు ఆసుపత్రులలో రోగులచేత నిజముగనే బుట్టలల్లించిరి. ఈ దేశమున బనీ జమ్రాలో నేతయు, ఆలీలో కుమ్మరమును, కర్బాబాదులో ఖర్జూరపుటాకుల అల్లికయు నేటికిని కలవు. అట్టి అల్లిక చేయు ఒక ముసలమ్మ యొద్దకు తరగతిని గొనిపోయితిని. శిష్యురాలొకతె పెద్ద పత్రము పూరించుచు ఆమె బొటనవ్రేలి కదలికలన్నియు ప్రశ్నించుచుండగా, ఆ వృద్ధురాలు కొంతసేపు సహించి, పత్రమును లాగి ప్రక్కన పెట్టి, ఆ పిల్ల చేతులను తన చేతులలో పట్టుకొని అల్లించినది. దీనిని మేము గరిష్ఠసహాయము అని వ్యవహరించి దానికొక సంకేతాక్షరము వాడుదుము. ముసలమ్మ సంకేతాక్షరమేమియు వాడక, "పెళ్ళిలోపల వచ్చును" అని మాత్రము తీర్పు చెప్పినది.

ఇక ముహర్రఖ్‌లోని తాతగారి సంగతి. ఈయన తండ్రి ముత్యముల పడవపై గజఈతగాని తాడు లాగినవాడు. ఈయన తాను చమురుశుద్ధి కర్మాగారమున పనిచేసి విశ్రాంతి పొందినవాడు. పక్షవాతముచే ఎడమచేయి బలహీనమాయెను. నా శిష్యురాలు ఆయనకొక లక్ష్యము వ్రాసినది: నాలుగు వారములలో తన తోబును, అనగా అరబ్బుల నిలువుటంగీని, తాను తొడుగుకొనవలెను. లక్ష్యము నిర్దుష్టము. పర్యవేక్షకుడనై నేనును వెంట వెళ్ళితిని. తాతగారు కుడిచేత తోబు నందుకొనినంతనే పెద్దకుమార్తె ఎడమచేతిని పట్టినది, మనుమడు మెడ పట్టినాడు, కోడలు అంచు సవరించినది, మఱియొక మనుమడు గుండీలు పెట్టెను. ఆ మహానుభావుడు ఏ ప్రయత్నమును లేకయే తోబులోనికి అవతరించెను. అందఱును ఆయన నుదుట ముద్దుపెట్టిరి. శిష్యురాలు నా చెవిలో, "డాక్టర్, ఇప్పుడు చికిత్స ఎవరికి చేయాలి?" అని అడిగినది. అంతటి మంచి ప్రశ్న నా ప్రశ్నపత్రములలో ఎన్నడును పడలేదు.

ఆ ఇంటిలో తాతగారిని కనిపెట్టుకొని యుండునది మన కోనసీమ ఆడపడుచు. కోనసీమనుండియు, కడపనుండియు ఇట్లు గల్ఫు ఇండ్లకు వచ్చి పరుల వృద్ధులకు సేవచేసి తమ ఇండ్లకు డబ్బు పంపువారెందఱో. నేను తెలుగువాడనని తెలియగనే ఆమె వంటయింటి గుమ్మమువద్ద నన్ను నిలిపినది.

"ఆయ్, బాబుగారూ! పెద్దాయన తన పని తానే చేసేసుకుంటే మరి నన్నెందుకు ఉంచుతారండీ? ఇంటికాడ పిల్లల చదువులున్నాయండి."

స్వావలంబనముపై నేను చెప్పిన ఉపన్యాసములలో ఈ ఆక్షేపణకు సమాధానము లేదు, పాఠ్యగ్రంథములలోను లేదు. నీ ఉద్యోగమునకు భయము లేదనియు, ఆయన ప్రక్కన నిలుచుండి, పడిపోకుండ చూచుచు, చేయి మాత్రము వేయకుండుటయే ఇకపై నీ పనియనియు బోధించితిని. వారము తరువాత కనబడి, "బట్టలుతకమన్నా సుఖమేనండి. చేతులు కట్టుకుని చూస్తా నించోడం నా వల్ల కావట్లేదండి" అని వాపోయినది. ఇదే మాటను ఎం.ఎస్సీ. విద్యార్థులకు తెలియజెప్పుటకు నాకొక పూర్తి సెమిస్టరు పట్టుచున్నది.

తోబు లక్ష్యము అట్లే మూలబడెను. అప్పుడు శిష్యురాలు నా పాఠములలో లేని ఉపాయము నొకదానిని పన్నినది. ఈ దేశమున అతిథి వచ్చినచో గహ్వా పోయవలెను. ఏలకులు వేసిన ఆ లేతకాఫీని దల్లా అను కొమ్ముపాత్రలో పెట్టి, దానిని ఎడమచేత పట్టి, పిడిలేని చిన్న ఫింజానును కుడిచేత పట్టి, కొద్దికొద్దిగా పోసి ఇచ్చుట మర్యాద. ఎడమచేయి! తాతగారి రోగమునకు ఇంతకంటె తగిన వ్యాయామమును ఏ పరికరముల కంపెనీయు తయారుచేయలేదు. దల్లాలో పావువంతు మాత్రమే నింపి, పిడికి మెత్తని పట్టీ చుట్టి ఇచ్చినది. నేను సందేహించితిని: గుండీ పెట్టుకొననీయనివారు వేడి పాత్ర నెత్తనిత్తురా? ఎత్తనిచ్చిరి. తోబు తొడుగుట ఆయన స్వంత పని, దానిని పిల్లలు చేయవచ్చును. అతిథికి గహ్వా పోయుట ఇంటి యజమానుని పని, దానిని ఆయన చేతినుండి లాగికొనుటకు కుమార్తెకును ధైర్యము చాలలేదు. మొదటిదినమున తివాచీ ఎక్కువగ త్రాగెను. క్రమముగా అతిథులు త్రాగిరి.

చిక్కెచ్చట వచ్చినదనగా, చాలునన్నప్పుడు అతిథి ఫింజానును అటునిటు ఊపవలెను. ఊపినచో మరల పోయరు. తాతగారు దీనిని ఎనుబదియేండ్లుగ ఎఱిగినవాడే. కాని శిష్యురాలు వ్రాసియిచ్చిన వ్యాయామపట్టికలో పూటకు పదిమార్లు పోయవలెనని యున్నది, శుక్రవారమునాడు వచ్చువారు తక్కువ. లక్ష్యసిద్ధిని పరీక్షించుటకు నేను పోయినదినమున నేనొక్కడనే అతిథిని. మూడవ ఫింజాను తరువాత ఊపితిని, ఆయన పోసెను. ఆఱవదాని తరువాత రెండుచేతులతో ఊపితిని. ఆయన నావైపు కాక శిష్యురాలివైపు చూచెను, ఆమె కాగితమువైపు చూచి తల యూపినది, ఆయన నిశ్చలమైన ఎడమచేతితో మరల పోసెను. దిక్కుతోచక గుమ్మమువైపు తిరిగితిని.

"ఏమీ అనుకోకండి బాబుగారూ" అని మన కోనసీమ ఆడపడుచు చేతులు కట్టుకొని నిలుచుండి పలికినది, "నన్ను చెయ్యి వెయ్యొద్దన్నది మీరేనండి."