నోరు మూసుకునే చదువు

తెలుగువాడు తుమ్మితే చుట్టూ ఉన్న నలుగురూ నాలుగు మందులు చెబుతారు. ఒకరు మిరియాల కషాయం, ఒకరు పసుపు ఆవిరి, ఇంకొకరు వాళ్ళ తోడల్లుడికి కుదిరిన హోమియో మాత్ర. నాలుగోవాడు అసలు తుమ్మడమే ఒంటికి మంచిదంటాడు. ఎవరూ ఫీజు అడగరు. వద్దన్నా ఆగరు. ఇలాంటి జాతిలో పుట్టి, 34 ఏళ్ళు బ్యాంకులో లోను అడగవచ్చిన వాళ్ళందరికీ లోను తప్ప సలహాలన్నీ ఇచ్చి, రిటైరైన మూడో నెలలో నేను సర్టిఫైడ్ హెల్త్ అండ్ వెల్‌నెస్ కోచ్ కోర్సులో చేరాను. ఇన్నాళ్ళూ ఊరికే పంచిపెట్టిన సరుకుకు గంటకింత అని ధర కట్టొచ్చని తెలిశాక చేరకుండా ఎలా ఉంటాం?

ఫీజు 65 వేలు. పన్నెండు వారాలు, శని ఆదివారాలు, ఆన్‌లైన్‌లో. చేరేముందు వెల్‌నెస్‌కు తెలుగు ఏమిటా అని నిఘంటువులు తిరగేశాను. ఆరోగ్యం అని ఉంది. అదైతే హెల్త్ కదా, రెండూ ఒకటైతే కోర్సు పేరులో రెండుసార్లు ఎందుకు పెట్టినట్టు? కాసేపు ఆలోచిస్తే తట్టింది. రోగం లేకపోవడం ఆరోగ్యం. రోగం లేకపోయినా డబ్బు కట్టడం వెల్‌నెస్.

మొదటి క్లాసుకు కొత్త నోటుబుక్కు, రెండు పెన్నులతో కూర్చున్నాను. ఏ కూరకు ఏ గుణమో, ఏ రోగానికి ఏ పథ్యమో రాసుకుందామని. పాఠం చెప్పే మేడం నవ్వుతూ, "మొదటి నియమం. కోచ్ సలహా ఇవ్వకూడదు" అన్నారు. నెట్ సరిగ్గా లేక మధ్యలో మాటేదో ఎగిరిపోయిందనుకుని మళ్ళీ చెప్పమన్నాను. మళ్ళీ అదే చెప్పారు.

ఈ పద్ధతికి మోటివేషనల్ ఇంటర్వ్యూయింగ్ అని పేరట. విలియం మిల్లర్ అనే అమెరికన్ సైకాలజిస్టు తాగుడు సమస్య ఉన్నవాళ్ళతో పనిచేస్తూ 1983లో రాసిన ఒక వ్యాసంతో మొదలైంది. తర్వాత స్టీఫెన్ రోల్నిక్ జతకలిశాడు. విషయం ఇంతే: మానెయ్, మానెయ్ అని మనం తోసేకొద్దీ అవతలివాడు ఎందుకు మానక్కర్లేదో కారణాలు పోగేసుకుంటాడు. నిదానంగా అడిగి, చెప్పింది వింటే, ఎందుకు మానాలో వాడి నోటితో వాడే చెబుతాడు. నిజం చెప్పాలంటే ఇక్కడ నాకు కాస్త గుండె కలుక్కుమంది. మా మేనమామను సారా మానమని ఊరు ఊరంతా ముప్పై ఏళ్ళు తోసింది. ఆయన్ని ఒక్కరూ ఏమీ అడిగిన గుర్తు లేదు.

ఆ రాత్రి డల్లాస్‌లో ఉన్న మా అమ్మాయికి ఫోన్ చేశాను. ఆవిడగారు అక్కడ ఇదే చదువు చదివి, అక్కడి నేషనల్ బోర్డు పరీక్షకు కూర్చోబోతోంది. 2017 నుంచి జరుగుతున్న పరీక్ష అది, డాక్టర్ల పరీక్షలు పెట్టే సంస్థతో కలిసి పెడతారు. దానికి కూర్చోవాలంటే గుర్తింపు ఉన్న చోట శిక్షణ ఒక్కటే సరిపోదు. యాభై సెషన్లు చేసి లాగ్ చూపించాలి. ఒక్కో సెషన్ ఇరవై నిమిషాలకు తగ్గకూడదు. అందులో ముప్పాతిక భాగం కోచింగే ఉండాలి తప్ప పాఠాలు చెప్పకూడదు. ఇదంతా చెప్పి, "నాన్నా, నువ్వు ఇరవై నిమిషాలు నోరు మూసుకుని ఉండగలవా?" అంది. నేను ఉండగలనని పదిహేను నిమిషాలు వివరించాను.

మా సంస్థవాళ్ళు దయగలవాళ్ళు. యాభై కాదు, అయిదు సెషన్లు చాలన్నారు. క్లయింట్లను మాత్రం మనమే వెతుక్కోవాలి.

మొదటి క్లయింటు మా ఆవిడ. రెండో వారం పాఠం ప్రతిఫలనం. అంటే క్లయింటు చెప్పినదాన్నే మన మాటల్లో తిరిగి అప్పజెప్పడం. "మోకాళ్ళు నొప్పులండీ, మెట్లు దిగలేకపోతున్నా" అంది.

"అంటే, మెట్లు దిగేటప్పుడు నీకు మోకాళ్ళలో నొప్పిగా అనిపిస్తోందన్నమాట."

"అనిపించడమేంటి, నొప్పి. అదేగా చెప్పాను. చెవుడు గానీ వచ్చిందా మీకు?"

రెండో క్లయింటు మా బావమరిది. రోజుకు పెట్టె సిగరెట్లు కాలుస్తాడు. అతని మీద సున్నా నుంచి పది కొలబద్ద ప్రయోగించాను. మానడానికి ఎంత సిద్ధంగా ఉన్నావో అంకెలో చెప్పమని అడగాలి. ఎంత చిన్న అంకె చెప్పినా, ఇంత తక్కువేమిటని అనకూడదు. అంతకన్నా తక్కువ ఎందుకు చెప్పలేదని అడగాలి. అప్పుడు మనిషి తనలో దాగిన కోరికను తానే బయటపెడతాడని పుస్తకం. బావమరిది మూడన్నాడు. "మరి ఒకటి అనకుండా మూడెందుకన్నావు?" అన్నాను, గొంతులో తేనె కలుపుకుని.

"మీరు బావగారు కదా. మొహమాటానికి రెండు కలిపాను."

ఎలాగైతేనేం, పన్నెండు వారాలు గడిచాయి. 86 మార్కులతో సర్టిఫికెట్టు వచ్చింది. బంగారు అంచు, గుండ్రటి ముద్ర, అడుగున ఎవరిదో సంతకం. ఫ్రేము కట్టించి హాల్లో తగిలించాను. సర్కారువారి దృష్టిలో దాని విలువెంతో చూద్దామని 2021లో వచ్చిన అలైడ్ అండ్ హెల్త్‌కేర్ వృత్తుల చట్టం తీశాను. డైటీషియన్ ఉన్నారు, ఫిజియోథెరపిస్టు ఉన్నారు, డయాబెటిస్ ఎడ్యుకేటర్ కూడా ఉన్నారు. నేను కనబడలేదు. కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశాను. అద్దాల తప్పేం కాదు. అంటే ఈ దేశంలో మంగళవారం దాకా ఇంటీరియర్ డెకరేటర్‌గా ఉన్నవాడు బుధవారం పొద్దున లేచి వెల్‌నెస్ కోచ్ అని బోర్డు కట్టుకోవచ్చు. కట్టుకుంటున్నారు కూడా. మా సందు చివర ఒకాయన ఆ రెండు బోర్డులూ ఒకే మేకుకు తగిలించాడు.

ఆ బోర్డు వెనక ఉన్నది ఇంకో రకం కోచింగ్. పొద్దున ఆరింటికి మిక్సీ మోత వినిపిస్తుంది. డబ్బాలోంచి రెండు చెంచాల పొడి తీసి, నీళ్ళు పోసి తిప్పి, టిఫిను బదులు అదే తాగమంటారు. చొక్కాకు గుండ్రటి బ్యాడ్జీ. బరువు తగ్గాలన్నా పెరగాలన్నా తననే అడగమని దాని మీద ఉంటుంది. రెంటికీ పొడి ఒకటే. నెల తిరిగేసరికి తాగేవాడే కోచ్ అవుతాడు, ఇంకో ముగ్గురిని చేర్చుకుంటాడు, వాళ్ళూ కోచ్‌లవుతారు. చివరికి మా సందులో కోచ్‌లు తప్ప క్లయింట్లు మిగల్లేదు. గొలుసు కట్టి మనుషుల్ని చేర్పించి సొమ్ము చేసుకోవడాన్ని 2021 నాటి డైరెక్ట్ సెల్లింగ్ నిబంధనలు కూడదన్నాయి. షుగరును, ఊబకాయాన్ని మాయం చేస్తామని మందుల ప్రకటనలు ఇవ్వకూడదని 1954 నాటి చట్టం ఉంది. ఆ సంగతి చెప్పబోతే బోర్డాయన నా భుజం మీద చెయ్యేసి, "మీరు చాలా స్ట్రెస్‌లో ఉన్నారు సార్, ఒక్క గ్లాసు తాగి చూడండి" అన్నాడు. ఆయన విన్నాడా అంటే విన్నాడు. ప్రతిఫలనమూ చేశాడు. నా కోర్సు దండగేమో అనిపించింది.

నిజానికి మన ఇళ్ళు ఎప్పుడు శిక్షణ లేకుండా ఉన్నాయి కనుక! మంతెన సత్యనారాయణరాజుగారు ఉప్పు వద్దన్న రోజుల్లో మా వంటింట్లో ఉప్పు జాడీ అటకెక్కింది. ఆ ఏడాది మా ఇంటికి చుట్టాలు రావడం బాగా తగ్గింది. తర్వాత వీరమాచనేని రామకృష్ణగారి కాలం. అన్నం పోయి కొబ్బరినూనె, రోజుకు మూడు నిమ్మకాయలు, నాలుగు లీటర్ల నీళ్ళు వచ్చాయి. మా బావమరిది గ్లాసుడు నూనె చేత్తో పట్టుకుని దేవుణ్ణి తలుచుకున్న దృశ్యం ఇప్పటికీ కళ్ళ ముందుంది. ఆ తర్వాత ఖాదర్‌వలిగారి సిరిధాన్యాలు: కొర్రలు, అండుకొర్రలు, సామలు, ఊదలు, అరికెలు. మా నాయనమ్మ పేదరికం కొద్దీ తిన్న కొర్రన్నాన్ని మేం సూపర్ బజారులో కార్డు గీకి కొనుక్కున్నాం. ముగ్గురు చెప్పిందీ మా ఆవిడ శ్రద్ధగానే విన్నది. మూడు కాలాల డబ్బాలూ ఇప్పుడు ఒకే అరలో పక్కపక్కన ఉన్నాయి, సర్వమత సమ్మేళనంలాగా.

ఈ హడావుడి అంతటికీ పది కిలోమీటర్ల అవతల, తార్నాకలో, జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1918లో కూనూరులో ఒక చిన్న గదిలో బెరిబెరి మీద పరిశోధనతో పుట్టి, 1958లో హైదరాబాదుకు వచ్చింది. 2024 మే నెలలో భారతీయులు ఏం తినాలో పదిహేడు సూత్రాలు విడుదల చేసింది. ఉప్పు మితంగా, నూనె మితంగా, కూరగాయలు బాగా, ఒంటికి కాస్త పని, కండల కోసం ప్రొటీన్ పొడుల జోలికి పోవద్దు. ఇంతే. డబ్బులు కట్టక్కర్లేదు, ఎవరైనా చదువుకోవచ్చు. అదే దానికి వచ్చిన చిక్కు. మా అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో పెడితే ఒక్కరంటే ఒక్కరు బొటనవేలు కూడా పెట్టలేదు. పదిహేడూ వాళ్ళమ్మ చెప్పినవే అయితే మనిషికి ఆసక్తి ఏముంటుంది?

మూడో క్లయింటు గురించి చెప్పాలి. మా వాచ్‌మన్. పాలమూరు వైపు మనిషి. కుర్చీ వేసి కూర్చోబెడితే, ఏం తప్పు చేశానా అన్నట్టు అంచున కూర్చున్నాడు. నీ ఆరోగ్య లక్ష్యం ఏమిటని అడిగాను.

"నిద్ర సార్" అన్నాడు.

లక్ష్యం స్పష్టంగా ఉండాలి, కొలవగలిగేలా ఉండాలి, సాధ్యమయ్యేలా ఉండాలి, గడువుండాలి. నోటుబుక్కులో గీతలు కొట్టుకుని, ఎన్ని గంటలు కావాలన్నాను.

"అయిదు గంటలు వడితె మస్తు సార్."

"రోజూ నడక ఉందా?"

"రాత్రంత నడుసుడే గద సార్. పొద్దుగాల కార్లు కడగాలె, పది దాటినంక పంటే మోటరు ఎయ్యమని పిలుస్తరు."

ఇప్పుడు అడగవలసిన ప్రశ్న పుస్తకంలో పెట్టె కట్టి ఉంది. అడిగాను. "నీ నిద్రకు అడ్డుపడుతున్నది ఏమిటనుకుంటున్నావు?"

అతను కాసేపు చేతులు చూసుకున్నాడు. "ఏమనుకోవద్దు సార్. రాత్రి పదకొండున్నరకు గేటు తియ్యమని హారన్ కొడ్తరు గదా, మీరే సార్."

ఓపెన్ ఎండెడ్ ప్రశ్న వేస్తే సమాధానం ఎటైనా రావచ్చని మేడం చెప్పారు. ఇటు వస్తుందని చెప్పలేదు. ఆ సెషన్ పన్నెండు నిమిషాల్లోనే అయిపోయింది. లాగ్‌లో ఇరవై అని రాశాను.

మొన్న సంక్రాంతికి తెనాలి దగ్గర మా ఊరు వెళ్ళాం. పండగైన మర్నాడు అరుగు మీద కూర్చుని ఉంటే ఆశా వర్కరు వచ్చింది. ముప్పై దాటిన వాళ్ళందరికీ ఫారం నింపాలట. సంచిలోంచి కాగితాలు, టైలరు టేపు తీసింది. మా వదినను గుమ్మంలో కూర్చోబెట్టి, "బీపీ మాత్రలు వేసుకుంటున్నావా పెద్దమ్మా?" అంది.

"ఆ, వేసుకుంటున్నా."

ఆ పిల్ల ఏమీ అనలేదు. కాగితం కేసి కూడా చూడలేదు. వదిన ముఖం వైపు చూస్తూ కూర్చుంది. మా కోర్సులో అయిదో వారమంతా మౌనం మీదే. ఎన్ని సెకన్లు ఆగాలో స్లైడ్ వేసి మరీ చూపించారు. నేను ఏడో సెకనుకే దగ్గేవాణ్ణి. ఇక్కడ పదిహేను దాకా లెక్కపెట్టి ఉంటాను.

"అయిపోయి వారం అయిందే" అంది వదిన. "వెళ్ళి తెచ్చేవాళ్ళేరీ? పిల్లలు పండక్కొచ్చారు, వాళ్ళకు చెబితే కంగారుపడతారని..."

"రేపు ఇటే వస్తాగా, నేను పట్టుకొస్తా" అని ఏదో రాసుకుంది. ఈ రాష్ట్రంలో ఆమెకు ముట్టేది నెలకు పదివేలు. నా ఫీజు ఆమెకు ఆరున్నర నెలల జీతం.

ఊరికే ఉండలేక, నాకూ చూడమ్మా అన్నాను. "మీది ఇక్కడ రాయకూడదు బాబాయ్, అయినా కొలుస్తా" అని లేచి టేపు చుట్టింది. 104 సెంటీమీటర్లు. దానికి రెండు మార్కులంది. సంతోషించాను. మీ నాన్నగారికి షుగర్ ఉండేదా అంటే ఉండేదన్నాను. ఇంకో రెండు. వారానికి రెండున్నర గంటలు నడుస్తారా అంది. నడక ఉపయోగాల మీద ఒక వ్యాసం రాశానన్నాను. ఇంకొకటి వేసింది.

"అయిదు. ఇంకా వయసుది కలపలేదు" అంది.

"ఎంతొస్తే పాసమ్మా?"

"నాలుగు దాటకూడదు బాబాయ్." పెన్ను మూత పెట్టి, నవ్వాపుకుంది. "హైదరాబాదు వెళ్ళేలోపు ఒకసారి క్లినిక్‌కు రండి, బీపీ షుగర్ చూస్తారు. ఇంతకీ అక్కడ ఏం చేస్తుంటారు మీరు?"

వదిన నా వైపు చూసింది. హాల్లో ఫ్రేము కట్టించిన సంగతి ఆవిడకు తెలుసు.

"రిటైరయ్యానమ్మా" అన్నాను.